పల్లకీ ముందు కర్ర, పదమూడు కిలోలు

ఆఁ, మొన్న ఎక్కడ ఆపాను? శాలువా దగ్గర కదూ! అంతలో మీ బస్సొచ్చింది, మీరు గబగబా ఎక్కేశారు, నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. సరే, ఇవాళ కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉన్నట్టున్నారు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. వెనక బెంచీవాడికి అర్థం కాలేదంటే పాఠం మళ్లీ ఎత్తుకోవడం నాకేం కొత్త కాదు.

ఇది వీరాంజనేయులు కథ. యాభై రెండేళ్లవాడు. పుట్టింది రేపల్లె దగ్గర, ఉండేది లండన్‌కి తూర్పున ఇల్ఫర్డ్‌లో, మా అమ్మాయి హైమ ఇంటికి నాలుగు వీధుల అవతల. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టరుట. అంటే ఎవరో రాసినదాంట్లో తప్పులు వెతకడం. ఆ పని నేనూ ముప్పై నాలుగేళ్లు చేశాను, నాకు మాత్రం ఎవరూ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వలేదు.

అయితే వీరాంజనేయులంటే ఇక్కడెవరికీ ఉద్యోగం గుర్తుకు రాదు, భుజం గుర్తుకొస్తుంది. వాళ్ల నాన్న రైసుమిల్లులో కాటా దగ్గర గుమాస్తా. సెలవుల్లో ఈ పిల్లాడు మిల్లుకెళ్లి హమాలీలతో పందెం కట్టి బస్తాలు మోసేవాడు. ఆ అలవాటు విమానం ఎక్కి ఇక్కడికొచ్చింది. రెండువేల నాలుగులో వచ్చాడు. అప్పట్నుంచి ఇల్ఫర్డ్‌లో ఏ తెలుగువాళ్లు ఇల్లు మారినా ముందు ఫోను వెళ్లేది ఆయనకే, వ్యానువాడికి తర్వాత. మావాళ్ల ఇళ్లలో వీరాంజనేయులు భుజం తగలని ఫ్రిజ్ లేదు, వాషింగ్ మెషిన్ లేదు. "జాగ్రత్తయ్యా" అంటే, "అబ్బే, దూదిలా ఉంది టీచరుగారూ" అనేవాడు. కాఫీ తాగి, రెండు జంతికలు నోట్లో వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఇక ఏడాదికొక్కసారి దేవుణ్ణి మోస్తాడు. మా తెలుగు బృందం తరఫున సీతారామ కల్యాణం చేస్తాం. మా శ్రీరామనవమి పంచాంగం చెప్పినప్పుడు రాదు, స్కూలు హాలు ఖాళీ అయినప్పుడు వస్తుంది. ఈ ఏడు ఉగాది మార్చిలో అయితే రాములవారి పెళ్లి మే నెల మధ్యలో కుదిరింది. ఆయనకేం అభ్యంతరం లేదు, పద్నాలుగేళ్లు అరణ్యంలో ఉన్నవాడు, ఏడు వారాలు ఆగలేడా?

కల్యాణం అయ్యాక విగ్రహాల్ని టేకు పల్లకీలో పెట్టి, హాలు ముందున్న ఆరు మెట్లు దింపి, ఆట స్థలం చుట్టూ ఒక చుట్టు తిప్పుతాం. నలుగురు మోస్తారు. అంతా కలిపి నూటపాతిక కిలోలట. సమంగా నడుస్తున్నప్పుడు ఫరవాలేదు గానీ మెట్లు దిగేటప్పుడు బరువంతా ముందుకి తోసుకొచ్చి ముందు కర్రవాళ్ల మీద పడుతుంది. ఆ ముందు కర్ర, కుడివైపు, పద్నాలుగేళ్లుగా వీరాంజనేయులుది. కల్యాణానికి ముందు నలభై రోజులు పల్లకీ మోసేవాళ్లు నీచు ముట్టకూడదు, గుడ్డయినా సరే. కోడికూర లేనిదే ఆదివారం గడవని మనిషి, ఆ నలభై రోజులూ పరమ నిష్ఠగా ఉండేవాడు. మధ్యలో భుజం మార్చుకునేవాడు కూడా కాదు. అందరూ చెప్పుకునేవారు దాని గురించి.

మొన్న జనవరిలో సర్జరీ నుంచి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్ నుంచి, కబురొచ్చింది. రక్తపరీక్షలో షుగర్ గుమ్మం దాకా వచ్చిందనీ ఇంకా లోపలికి రాలేదనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నడుము చుట్టూ కొవ్వు తగ్గించుకోమంది, నెమ్మదిగా తగ్గించుకోమంది. ఆ "నెమ్మదిగా" అన్నమాట సర్జరీ తలుపు దాటి బయటికి రాలేదు.

ఎందుకంటే బయట పాండురంగంగారు ఉన్నారు. మా బృందం అధ్యక్షులు. ఆయన డాక్టరు కాదు, అల్లుడు డాక్టరు. కానీ స్టెతస్కోపు తన మెళ్లోనే ఉన్నట్టు మాట్లాడతారు. సభ్యుల్లో సగంమందికి ఇదే గుమ్మం కబురు రావడంతో ఆయన "తేలికగా ఉందాం" అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున్నే తూకం మెషిన్ ఎక్కి, పాదాలూ అంకే కనపడేలా ఫోటో పెట్టాలి. ఉగాదికి ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకి సన్మానం. ఇక చూడండి, ప్రతి ఆదివారం ఇరవై ఏడుమంది పాద దర్శనం! ఒకావిడ గాజులు తీసి ఎక్కేది. ఒకాయన మెషిన్ని గోడ పక్కకి జరిపి, గోడమీద చెయ్యి ఆనించి ఎక్కేవాడు. చెయ్యి ఫోటోలో పడదుగా.

వీరాంజనేయులు మాత్రం నిజాయితీగా తగ్గాడు. అదే వచ్చిన చిక్కు.

ముందు అన్నం మానేశాడు. తర్వాత చపాతీ. తర్వాత నూనె. "ఎలాగూ మే కల్యాణానికి నీచు మానెయ్యాలిగా, ఇప్పట్నుంచే మానేస్తే రెండూ కలిసొస్తాయి" అని జనవరిలోనే కోడీ గుడ్డూ చేపా బంద్. పొద్దున ఓ గంటా సాయంత్రం ఓ గంటన్నరా పార్కులో నడక. చెవిలో ఫోను పెట్టుకుని రేపల్లెలో ఉన్న బంధువులందరినీ వరసపెట్టి పలకరించేవాడు. రోజుకి ఇరవైవేల అడుగులు. వాళ్లక్కడ విసిగిపోయి ఫోన్లు ఎత్తడం మానేశారని వాళ్లావిడ రత్నకుమారి చెప్పింది.

ఒకరోజు నన్నే అడిగాడు. "టీచరుగారూ, అందరూ ప్రోటీన్ ప్రోటీన్ అంటున్నారు. నీచు లేకుండా అది దేన్లో ఉంటుందండీ?"

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. "మాంసకృత్తులయ్యా! ఎనిమిదో తరగతి పాఠం. పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు. శుభ్రంగా పప్పు తిను."

"పప్పు చాలంటారా?"

"బ్రహ్మాండంగా."

బోర్డు మీద బొమ్మ వేసి చూపించలేదనే గానీ అంత గట్టిగానూ చెప్పాను. వాడు వెళ్లి ఏం చేశాడో నాకు రెండు నెలల దాకా తెలీదు.

వారానికి కిలో, కిలోన్నర చొప్పున దిగిపోతున్నాడు. తొంభై నాలుగు నుంచి తొంభై, ఎనభై ఆరు, ఎనభై మూడు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు కుండపోత. బుగ్గలు పీక్కుపోతే "ఎంత తేజస్సండీ" అన్నారు. మెడ దగ్గర ఎముకలు తేలితే "హీరోలా ఉన్నాడు" అన్నారు. మన ఊళ్లో అయితే "ఏమిటయ్యా, ఒంట్లో బాలేదా" అని నలుగురూ ఆపి అడిగేవాళ్లు. ఇక్కడికొచ్చాక మావాళ్లకి అదొక్కటే ఇంగ్లీషు కంప్లిమెంటు: లాస్ట్ వెయిట్!

రత్నకుమారి మాత్రం నా దగ్గర గొణిగింది. "చొక్కాలో గాలి తిరుగుతోంది పిన్నిగారూ. నిన్న జాడీ మూత రాలేదు ఆయనకి. నేనే తీశా."

"మూతలు బిగుసుకుపోతాయిలేవే చలికి" అన్నాను. నా తెలివి అలా ఏడిసింది.

ఉగాదికి ఎనభై ఒకటి. పదమూడు కిలోలు. సన్మానపత్రం రాసే పని నాకు అప్పజెప్పారు. రాశానండీ! "కొండవలె కదలాడి కుసుమమై నిలిచిన వీరా" అని ఎత్తుకుని పన్నెండు పాదాలు లాగించి, మైకులో నేనే చదివాను. పాండురంగంగారు శాలువా కప్పారు. అది భుజం మీద నిలవలేదు, జారి మోచేతి దగ్గరికొచ్చింది. మళ్లీ కప్పారు. మళ్లీ జారింది. ఫోటో కోసం రత్నకుమారి వెనకనుంచి పట్టుకుని నిలబడింది. బరువు తగ్గినందుకు బహుమతి ఏమిటో తెలుసా? కిలో సున్నుండల డబ్బా.

"మనందరికీ ఆదర్శం!" అన్నారు పాండురంగంగారు మైకు వదలకుండా. "వచ్చే ఏడాది ఈయన రికార్డు ఈయనే బద్దలుకొట్టాలి."

వచ్చే ఏడాది ఇంకో పదమూడా? నాలుగేళ్లకి శాలువా ఒక్కటే మిగిలేది.

సరిగ్గా వారం తిరక్కుండా హైమా నేనూ ఇల్లు మారాం. కొత్త ఫ్లాట్ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. వీరాంజనేయులు వచ్చాడు, రత్నకుమారి క్యారియర్లో భోజనం తెచ్చింది, వాళ్లమ్మాయి అనూష కూడా వచ్చింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే సగం దారిలో ఇంగ్లీషులోకి దిగిపోతుంది. మంచాలు మొయ్యడానికి బాబీ వచ్చాడు. మా బృందంలోనే ముప్పై ఏళ్ల కుర్రాడు, కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం, ఒంగోలు ఎద్దులా ఉంటాడు.

నా దగ్గర రాతి గ్రైండరుంది. ఆరేళ్ల క్రితం పాత ఇంటి మెట్ల మీదుగా దాన్ని వీరాంజనేయులు ఒక్కడే ఎక్కించాడు, మధ్యలో ఆగి నాకో జోకు కూడా చెప్పాడు.

"బాబీ, నువ్వు మంచం చూసుకో. ఇది నాది" అన్నాడు.

మొదటి మలుపు దాకా బాగానే ఎక్కాడు. రెండో మలుపు దగ్గర ఆగాడు. జోకు చెప్తాడేమో అని నేను పైనుంచి వంగి చూస్తున్నాను. చెప్పలేదు. మోకాళ్లు గజగజలాడుతున్నాయి. గ్రైండర్ని మెల్లగా మెట్టు మీదికి దింపి, దాన్ని కావలించుకుని కూలబడ్డాడు.

"నాన్నా! వదిలెయ్, ఐ హావ్ గాట్ ఇట్" అని అనూష కిందనుంచి పరిగెత్తుకొచ్చి అడుగున చెయ్యి పెట్టింది.

"చెయ్యి జారిందంతే. చెమట."

"చెమటా? నాన్నా, ఇట్స్ సిక్స్ డిగ్రీస్."

బాబీ వచ్చి, "జరగండి అంకుల్" అని దాన్ని ఎత్తుకుని పైకి పోయాడు. పాపం, ఆ కుర్రాడు మర్యాదకి కాస్త ఆయాసపడినట్టు నటించాడు కూడా.

భోజనాల ముందు అనూష కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసింది. "నాన్నా, కూర్చో. చేతులు కట్టుకో. హాండ్స్ వాడకుండా లేచి నిలబడు, కూర్చో. ముప్పై సెకండ్స్. ఎన్నిసార్లు చేస్తావో చూద్దాం."

"ఇదేం పరీక్షే? మా చిన్నప్పుడు..."

"గో!"

పదకొండు. పన్నెండోది సగంలో ఆగిపోయింది. నాకు కాలు నిలవదు కదా, "నేనూ చేస్తా, నేనూ చేస్తా" అని కూర్చున్నాను. పదమూడు! నాకు అరవై తొమ్మిది. గెలిచానని చప్పట్లు కొట్టబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"తగ్గింది కొవ్వొక్కటే కాదు నాన్నా" అంది అనూష. "కండ కూడా పోయింది. తూకం మెషిన్‌కి ఆ తేడా తెలీదు. ఏది పోయినా అంకె తగ్గిస్తుంది, అంతే."

"కండ ఎంత పోయిందంటావు?"

"ఎగ్జాక్ట్‌గా చెప్పలేను. చెప్తాం అనే మెషిన్లు కూడా గెస్ చేస్తాయి. చాలా ఫాస్ట్‌గా తగ్గావు, బరువులెత్తలేదు, ప్రోటీన్ తినలేదు. ఇంక బాడీ కండని ఎందుకు ఉంచుకుంటుంది? వాడట్లేదుగా, మేపట్లేదుగా."

"ప్రోటీన్ తినకపోవడమేంటే!" నాకు పౌరుషం వచ్చింది. "నేను పప్పు తినమని చెప్పానా లేదా?"

"తీసుకుంటూనే ఉన్నా టీచరుగారూ. పూటకి రెండు గ్లాసులు."

"గ్లాసులా?"

"ముద్దపప్పు బరువు కదండీ. పప్పుచారు పెట్టించి, పైన తేట వంచుకుని తాగుతున్నా."

మాంసకృత్తులు గిన్నె అడుగున, మనిషి గిన్నె పైన! నేను తల పట్టుకున్నాను. రత్నకుమారి క్యారియర్ గిన్నెలు విప్పుతూ అంది, "తేట ఆయనకి పోస్తే అడుగంతా నాకే మిగిలేది పిన్నిగారూ. పారెయ్యబుద్ధి కాక అన్నంలో నెయ్యేసుకుని తింటున్నా. ఆయన పదమూడు తగ్గితే నేను నాలుగు పెరిగా. గ్రూపులో పాదాలు పెట్టడం మానేసింది అందుకే."

బాబీకి పొలమారింది నవ్వొచ్చి. వీరాంజనేయులు నవ్వలేదు. చేతులు కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే ఆ కుర్చీలో కూర్చుని, "అనూ, మేలో కర్ర మొయ్యగలనా?" అని అడిగాడు.

"ఎన్ని వారాలుంది?"

"ఆరు."

"మొత్తం రాదు నాన్నా. కొంత వస్తుంది. ట్రై చేద్దాం. ప్రామిస్ చెయ్యను."

డాక్టర్లందరూ ఇలా మాట్లాడితే ఎంత బావుణ్ణు.

మర్నాడే మొదలైంది. అనూష నిమ్మళంగా చెప్పింది: నడక సగానికి తగ్గించు, వారానికి మూడు రోజులు బరువులెత్తు, ప్రతి పూటా ప్రోటీన్ తిను, రాత్రికి సరిగ్గా నిద్రపో. అన్నం శత్రువు కాదు, ఒక గరిటెడు పెట్టుకో. గుడ్లు తినమంటే మాత్రం వాడు చెవులు మూసుకున్నాడు. "స్వామి గడప దిగేదాకా గుడ్డు మాటెత్తకు." సరేనని గట్టి పప్పు, ఉడకబెట్టిన శనగలు, మీల్‌మేకర్, పనీరు, చెంచా నిలబడేంత గట్టి పెరుగు. టోఫు అని సోయా పనీరు కూడా తెచ్చింది. "దీనికన్నా ఉపవాసం రుచిగా ఉంటుంది" అన్నాడు వీరాంజనేయులు, కానీ తిన్నాడు.

జిమ్ ఉన్న లెజర్ సెంటర్‌కి రానన్నాడు. అక్కడ కుర్రాళ్లు అద్దాల ముందు నిలబడతారట, సిగ్గట. దాంతో క్యాష్ అండ్ క్యారీ కొట్టు నుంచి తెచ్చిన పది కిలోల బియ్యం బస్తా గుండెకి హత్తుకుని, వంటింట్లో కుర్చీ దాకా కూర్చుని లేవడం మొదలుపెట్టాడు. అనూష దాన్ని స్క్వాట్ అంది. నేను చూసి గుర్తుపట్టాను. గుంజీళ్లు! అన్నం మానేసినవాడు బియ్యాన్ని కావలించుకుని గుంజీళ్లు తీస్తున్నాడు! ఇంక నేను ఆగుతానా? ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నివేల గుంజీళ్లు లెక్కపెట్టించానో. మంగళ, గురు, శనివారాలు సాయంత్రం వాళ్ల వంటింట్లో స్టూలేసుకుని కూర్చునేదాన్ని.

"ఏడు... వెన్ను నిటారుగా! ఎనిమిది... సగం గుంజీ లెక్కలోకి రాదు, మళ్లీ ఎనిమిది!"

"టీచరుగారూ, నేను హోంవర్క్ ఎగ్గొట్టలేదండీ."

"కండ ఎగ్గొట్టావుగా. తొమ్మిది!"

రెండో వారం పదిహేను కిలోలు. నాలుగో వారానికి ఇరవై కిలోల బస్తా. వంగి నేలమీదనుంచి ఎత్తడం, గోడని తోస్తూ దండీలు, వీపుకోసం ఏదో రబ్బరు తాడు లాగడం. మొహంలోకి మళ్లీ మనిషొచ్చాడు. జాడీ మూతలు తనే తీస్తున్నాడని రత్నకుమారి ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పింది. సర్జరీ నుంచి కూడా మెసేజ్ వచ్చింది, షుగర్ గుమ్మం దిగి వెనక్కి వెళ్లిందని. ఆ పదమూడు కిలోల్లో మంచీ ఉంది మరి, కాదనకూడదు.

అయితే వాడి నిజాయితీ వాణ్ణి వదలదుగా. ప్రతి ఆదివారం తూకం ఫోటో పెడుతూనే ఉన్నాడు. మొదటి వారమే ఎనభై రెండున్నర. గ్రూపులో శోకాలు! "అయ్యో అన్నయ్యగారూ", "ఏమైందండీ", చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. పాండురంగంగారు "సన్మానం పొందినవారి బాధ్యత రెట్టింపు అవుతుంది" అని సూక్తి పెట్టారు. మూడో వారం అనూష టేపుతో నడుము కొలిస్తే, తూకం ఎనభై రెండున్నర దగ్గరే ఉన్నా, నడుము ఇంకో అంగుళం తగ్గింది. టేపు ఫోటో పెట్టాడు పాపం. అయిదు నిమిషాల్లో అధ్యక్షులవారి జవాబు: "గ్రూపు నియమం ప్రకారం తూకం ఫోటోలు మాత్రమే." టేపుని తీసేశారు.

పల్లకీ మోసేవాళ్ల జాబితా పోయిన గురువారం వచ్చింది. ఇక్కడ దేవుడు మెట్లు దిగాలన్నా కాగితం ఉండాలండీ. ఎవరు ఏవైపు మోస్తారు, జారితే ఎవరు పట్టుకుంటారు, ఎండ కాస్తే ఏం చేస్తారు, అన్నీ రాసి స్కూలువాళ్లకివ్వాలి. దాని పేరు రిస్క్ అసెస్‌మెంట్. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా వెళ్లిపోవాలి, తర్వాత ఒక్క పేరు కూడా మార్చరు. ఆ జాబితాలో ముందు కర్ర కుడివైపు: బాబీ. ముందు కర్ర ఎడమవైపు కొత్త కుర్రాడు. వీరాంజనేయులు పేరు ఆఖర్న ఉంది. "గౌరవ ఛత్రధారి." అంటే గొడుగు.

గ్రైండరు కబురు పాండురంగంగారికి ఎవరో చేరవేశారు. దానికి తోడు తూకం పెరిగింది. ఆయన లెక్కలో, సన్నగా ఉన్నప్పుడు మొయ్యలేనివాడు లావెక్కాక ఎలా మోస్తాడు? ఇంకో రెండు కిలోలు తగ్గి చూపిస్తే వచ్చే ఏడాది ఆలోచిద్దామన్నారట.

నేను వెళ్లేసరికి వీరాంజనేయులు బస్తా పక్కన నేలమీద కూర్చునున్నాడు.

"గొడుగు పట్టడం తక్కువ పనేం కాదు టీచరుగారూ" అన్నాడు.

"కాదు."

"బాబీ మంచివాడు. బాగా మోస్తాడు."

"మోస్తాడు."

మళ్లీ తనే, "గొడుగువాడికి స్వామి బరువు తెలీదు టీచరుగారూ" అన్నాడు. "ఏడాదంతా ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటా. నేను చేసింది చేత్తో పట్టుకుని చూసుకునేది ఒక్కటీ లేదు. ఆ ఒక్కరోజు భుజం మీద బరువు పడగానే... చెప్పడం రాదండీ నాకు."

రత్నకుమారి స్టవ్ దగ్గర్నుంచి, "ఏవండీ, లేవండి. ఇంకా పది ఉన్నాయి" అంది. లేచాడు.

నిన్న, ఆదివారం, బాబీయే పూనుకున్నాడు. పల్లకీ ఎలాగూ వీరాంజనేయులు గరాజ్‌లోనే ఉంటుంది. వెనక కర్ర మోసే ఇద్దర్నీ పిలిచి, స్కూలు కేర్‌టేకర్ని బతిమాలి గేటు తీయించాడు. పాండురంగంగారు ఊళ్లో లేరు, ఎడిన్‌బర్గ్‌లో కూతురు ప్రియ దగ్గరికెళ్లారు. విగ్రహాల బదులు పల్లకీలో బియ్యం బస్తాలు పెట్టారు, పల్లకీతో కలిపి నూటపాతిక అయ్యేదాకా. అనూష తూచింది, నేనూ సరిచూశాను.

"అంకుల్, మీరు కుడి. నేను ఎడమ. ఇవాళ లిస్టూ లేదు గిస్టూ లేదు" అన్నాడు బాబీ.

అంతకుముందు కుర్చీ పరీక్ష పెట్టాను. పదిహేడు. ఆరు పెరిగాయి! అయినా గ్రైండర్ దగ్గర వాడి మోకాళ్లు ఇంకా నా కళ్లముందే ఉన్నాయి.

ఎత్తారు. గుమ్మం దాటారు. మొదటి మెట్టు. బస్తాలు ముందుకి జరిగిన చప్పుడు వినపడింది. రెండో మెట్టు. వీరాంజనేయులు మెడ నరం పొంగింది. అనూష వాళ్ల నాన్న ముందు వెనక్కి నడుస్తూ, "వన్ ఎట్ ఎ టైమ్ నాన్నా, ఊపిరి, ఊపిరి" అంటోంది. నేను అన్నీ మర్చిపోయి గుంజీళ్లు లెక్కపెట్టినట్టు గట్టిగా లెక్కపెట్టేస్తున్నాను. మూడు. నాలుగు. అయిదు. ఆరు! నేలమీద కాలు పెట్టాడు. మోకాళ్లు వణకలేదు.

"అంకుల్, అసలు బరువు నావైపు రాలేదండీ" అన్నాడు బాబీ ఆశ్చర్యంగా.

ఆట స్థలం చుట్టూ ముప్పావు భాగం నడిచారు. బాస్కెట్‌బాల్ స్తంభం దగ్గర వీరాంజనేయులు, "ఆగండి" అన్నాడు. ఊతకర్రలు పెట్టి పల్లకీ నిలబెట్టారు.

"బాబీ, నువ్విటు రా. నేనటు వస్తా. కుడిభుజం అయిపోయింది."

పద్నాలుగేళ్లలో ఒక్కసారి భుజం మార్చుకోని మనిషి! నేను అనూష వంక చూశాను. ఆ పిల్ల బొటనవేలు ఎత్తి చూపించింది. ఇద్దరూ వైపులు మార్చుకుని మిగిలిన పావు భాగం పూర్తిచేశారు.

దింపాక చెమట తుడుచుకుంటూ అన్నాడు, "ఇన్నాళ్లూ మార్చుకోకపోవడం భక్తనుకున్నానండీ. కొంత భక్తే. మిగతాది, జనం చూస్తున్నారని."

"నేను సన్మానపత్రం రాసిందీ అందుకేలే" అన్నాను. రత్నకుమారి ముద్దపప్పు కలిపిన అన్నం డబ్బా తెరిచింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ దాంట్లోనే తిన్నారు. తేటా అడుగూ గొడవ లేకుండా.

వెంటనే పాండురంగంగారికి ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యనన్నాడు. "నా పేరు పెట్టండని నేనే అడిగితే ఏం బావుంటుంది టీచరుగారూ? కర్ర అడిగి పుచ్చుకునేది కాదు." బాబీ మెసేజ్ పెట్టాడు, అంకుల్ మోశారు, నేను ఎడమవైపుకి జరుగుతాను, కొత్త కుర్రాడితో మాట్లాడాను, కుడివైపు ఆయన పేరు రాయండి అని. గంటకి జవాబొచ్చింది. "చాలా సంతోషం. ఈ వారం తూకం ఎంత?"

ఇప్పుడు టైము ఏడూ ముప్పావు. ఆ కాగితం ఇవాళ పన్నెండింటికి వెళ్లిపోతుంది. పాండురంగంగారు పొద్దున్నే ఫోన్ ఎత్తుతారు, టిఫిను తిన్నాక ఎత్తరు. ఏం చెప్పాలో రాసి పెట్టుకున్నాను, పన్నెండు పాదాలు కాదు, నాలుగు ముక్కలు. అయ్యా, నేను ప్రభావతి టీచర్ని. మెట్లు ఆరూ నా కళ్లముందు దిగాడు. ఒకసారి వైపు మార్చుకున్నాడు, ఆ సంగతి కూడా కాగితంలో రాసుకోండి, స్కూలువాళ్లు మెచ్చుకుంటారు. కుడివైపు వీరాంజనేయులు, ఎడమవైపు బాబీ. గొడుగు పట్టుకోవడానికి మనిషి తక్కువైతే నేనున్నాను.

తూకం ఎంతని అడిగితే, ఆదివారం వీరాంజనేయులు మోసింది నూటపాతిక అని చెప్తాను.

పాండురంగంగారు ఫోన్ ఎత్తకపోతే ఎడిన్‌బర్గ్‌లో ప్రియ నంబరు రత్నకుమారి దగ్గర తీసుకున్నాను. ముందు ఆయనకే చేస్తాను, సరిగ్గా ఎనిమిదింటికి.